తుపాకీ లైసెన్సు ఎవరి చేతిలో? అట్రాసిటీ నియమం 3 ఏం చెబుతోంది, డెల్టాలో దాన్ని ఎలా వాడుకోవాలి

ఎక్కడ దాడి జరిగినా మన సభల్లో ఒక డిమాండ్ వినిపిస్తుంది: "ఆత్మరక్షణ కోసం దళితులకు తుపాకీ లైసెన్సులు ఇవ్వాలి". మరుసటి రోజు పత్రికలు ఆ మాటనే పెద్ద అక్షరాల్లో వేస్తాయి, టీవీ చర్చలూ దాని మీదే నడుస్తాయి. అయితే ఈ డిమాండ్‌కు చట్టంలో చోటుందని చాలామంది కార్యకర్తలకు తెలియదు. దాని పక్కనే ఇంకా బలమైన మరో అధికారం రాసి ఉందని తెలిసినవారు మరీ తక్కువ. అది పెత్తందార్ల లైసెన్సులు రద్దు చేసి, వాళ్ల తుపాకులను ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించే అధికారం. ఈ రెండూ ఎక్కడున్నాయి, ఎలా పనిచేస్తాయి, కృష్ణా డెల్టా అనుభవంలో వీటిలో ఏది మనకు ఎక్కువ ఉపయోగం అన్నదే ఈ వ్యాసం.

నియమం 3లో ఏముంది

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. దాని నియమావళిని కేంద్రం 1995 మార్చి 31న ప్రకటించింది. అందులోని 3వ నియమం ముందు జాగ్రత్త చర్యల గురించి. నేరం జరిగాక ఏం చేయాలన్నది కాక, జరగకుండా రాష్ట్ర ప్రభుత్వం ఏం చేయాలన్నది ఇది చెబుతుంది. మన చర్చకు పనికొచ్చే అంశాలు ఇవి:

ఒకటి, అత్యాచారం జరగవచ్చని, లేదా మళ్లీ జరుగుతుందని అనుమానం ఉన్న ప్రాంతాలను గుర్తించాలి.

రెండు, జిల్లా మెజిస్ట్రేట్‌, ఎస్పీ లేదా మరో అధికారి అక్కడికి వెళ్లి శాంతిభద్రతలను సమీక్షించేలా ఆదేశించాలి.

మూడు, అవసరమనుకుంటే ఆ ప్రాంతంలో ఎస్సీ, ఎస్టీలు కానివారి ఆయుధ లైసెన్సులను రద్దు చేసి, ఆ ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. లైసెన్సుదారు ఒక్కడితోనే ఇది ఆగదు. అతని దగ్గరి బంధువులు, నౌకర్లు, ఉద్యోగులు, కుటుంబ స్నేహితుల లైసెన్సులకూ వర్తిస్తుంది.

నాలుగు, అక్రమ తుపాకులన్నీ స్వాధీనం చేసుకోవాలి, వాటి తయారీని నిషేధించాలి.

ఐదు, ప్రాణానికీ ఆస్తికీ రక్షణ కోసం అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి.

వీటితో పాటు కమిటీలు వేయడం, అవగాహన కేంద్రాలు పెట్టడం, ప్రత్యేక పోలీసు బలగాన్ని దించడం, మూడు నెలలకోసారి సమీక్ష జరపడం కూడా ఇదే నియమంలో ఉన్నాయి.

మూడో అంశాన్ని జాగ్రత్తగా చదవాలి. "నౌకర్లు, ఉద్యోగులు, కుటుంబ స్నేహితులు" అని రాశారంటే, పల్లెలో పెత్తనం ఎలా నడుస్తుందో రాసినవారికి తెలుసన్నమాట. దొర తుపాకీ దొర పేరు మీదే ఉండనక్కర్లేదు. పాలేరు పేరు మీదో, బావమరిది పేరు మీదో ఉండొచ్చు. ఆ దారిని కూడా నియమం మూసింది.

మూడో అంశంలోనూ ఐదో అంశంలోనూ "అవసరమనుకుంటే" అనే మాట ఉంది. అవసరమా కాదా అన్నది తేల్చేది ప్రభుత్వం. అందుకే ఈ రెండూ వాటంతట అవి కదలవు. ఎవరో ఒకరు కాగితం పెట్టి అడగాలి.

తుపాకీ హక్కు ఉందా

మన దేశంలో ఆయుధం ధరించడం ప్రాథమిక హక్కు కాదు. బ్రిటిష్‌వాళ్లు 1878లో తెచ్చిన ఆయుధ చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. ఆ అవమానానికి జవాబుగానే 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానం, నిబంధనలకు లోబడి ప్రతి పౌరుడికీ ఆయుధం ఉంచుకునే హక్కు ఉంటుందని ప్రకటించింది. 1948 డిసెంబర్ మొదట్లో రాజ్యాంగ సభలో హెచ్‌.వి.కామత్ ఈ హక్కును రాజ్యాంగంలో చేర్చాలని సవరణ పెట్టారు. దాన్ని వ్యతిరేకించింది ముసాయిదా కమిటీ అధ్యక్షుడు డాక్టర్ బి.ఆర్‌.అంబేడ్కర్‌.

ఎవరంటే వాళ్లు బజారుకెళ్లి ఆయుధాలు కొనుక్కునే హక్కు ఉంటే రాజ్యం పాలన ఎలా సాగిస్తుందని ఆయన అడిగారు. పౌరుడికి ఆయుధం పట్టే హక్కు కంటే, దేశానికి అవసరమైనప్పుడు ఆయుధం పట్టే బాధ్యత ముఖ్యమన్నారు. సవరణ వీగిపోయింది. నేటి 19వ అధికరణం పౌరులకు ఇచ్చేది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు.

ఆయుధం గురించి తెలియని మనిషి మాట కాదిది. అంబేడ్కర్ తండ్రి బ్రిటిష్ సైన్యంలో సుబేదార్‌. 1890లలో మహర్లను సైన్యంలో చేర్చుకోవడం ఆపేసి, "యుద్ధ జాతులు" అన్న పేరుతో కులాన్ని బట్టి తుపాకీ పంచిన కాలంలో ఆయన పుట్టి పెరిగారు. మహర్ రెజిమెంట్ 1941లో గానీ ఏర్పడలేదు. 1927 మార్చిలో మహద్‌ చవదార్ చెరువు నీళ్లు తాకినందుకు దళితుల మీద కర్రలతో దాడి జరిగినప్పుడు, తన వెంట మాజీ సైనికులున్నా ఎదురుదాడి వద్దని ఆపి, కేసులు పెట్టించారు. ఆయన కోరింది రాజ్యం చేతిలోని ఆయుధంలో మన భాగం, రాజ్యం చేతిలోని చట్టంలో మన భాగం. బజారు తుపాకీని ఆయన కోరలేదు.

2023 ఫిబ్రవరిలో లైసెన్సు లేని తుపాకుల వ్యవహారాన్ని తనంతట తాను విచారణకు తీసుకున్న సుప్రీంకోర్టు ధర్మాసనం కూడా, అమెరికాలోలాగా ఇక్కడ ఆయుధం ప్రాథమిక హక్కు కాదని గుర్తుచేసింది. ఆత్మరక్షణ హక్కు మాత్రం వేరు. అది ప్రతి మనిషికీ ఉంది. పాత ఐపీసీలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లు, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్నాయి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేతికందినదానితో కాపాడుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు.

డెల్టాలో చంపింది ఏ ఆయుధం

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది మాలలను చంపి, శవాలను గోనె సంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లోనూ కాలువలోనూ పడేశారు. అప్పట్లో కారంచేడు ప్రకాశం జిల్లాలో, చుండూరు గుంటూరు జిల్లాలో ఉండేవి. 2022 జిల్లాల పునర్విభజన తర్వాత రెండూ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. రెండు చోట్లా వాడింది గొడ్డళ్లు, బరిసెలు, కత్తులు, ఇనుప రాడ్లు. తుపాకులు కావు.

బీహార్‌లో పరిస్థితి వేరు. 1996లో బథానీ టోలాలో, 1997 డిసెంబర్ 1న లక్ష్మణ్‌పూర్ బాథేలో రణవీర్ సేన ఊళ్ల మీద పడింది. బాథేలో ఒక్క రాత్రి 58 మంది చనిపోయారు, అక్కడ ప్రధాన ఆయుధం తుపాకీ. కృష్ణా, గుంటూరు పల్లెల్లో పెత్తనానికి అంత అవసరం రాలేదు. భూమి వాళ్లది, కూలి వాళ్ల చేతిలో, కాలువ నీళ్ల వంతు వాళ్ల చేతిలో, స్టేషన్లో మాట చెల్లుబాటు వాళ్లది. గొడ్డలి చాలింది.

ఇక్కడే ఆయుధ చట్టం, 1959 పరిమితి కూడా బయటపడుతుంది. ఆ చట్టం "ఆయుధం" అనే మాటను నిర్వచించేటప్పుడు, కేవలం ఇంటి పనికీ వ్యవసాయానికీ తయారైన వస్తువులను, లాఠీలను, మామూలు చేతికర్రలను పక్కన పెట్టింది. గడ్డపార, గొడ్డలి, కొడవలికి లైసెన్సు ఉండదు కాబట్టి రద్దు చేయడానికీ ఏమీ ఉండదు. అందువల్ల లైసెన్సుల రద్దు ఒక్కటే చుండూరును ఆపేదని ఎవరూ చెప్పలేరు. ఆపగలిగేది మొదటి, రెండో అంశాలు: ప్రాంతాన్ని గుర్తించడం, అధికారి వెళ్లి నిలబడటం.

చుండూరులో అందుకు నెల రోజులు టైము ఉంది. 1991 జూలై 4న సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ మొదలైంది. తర్వాత సాంఘిక బహిష్కరణ, 144వ సెక్షన్‌, పోలీసు పికెట్‌ వచ్చాయి. నియమావళి ఇంకా రాకపోయినా, అట్రాసిటీ చట్టం 17వ సెక్షన్ అప్పటికే అమల్లో ఉంది. అది కలెక్టర్‌కు, ఆర్డీఓ స్థాయి మెజిస్ట్రేట్‌కు, డీఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారికి ఒక ప్రాంతాన్ని అత్యాచార ప్రమాద ప్రాంతంగా ప్రకటించి చర్యలు తీసుకునే అధికారం ఇస్తుంది. ఆగస్టు 6న పోలీసులు వాడలోకి వచ్చారు. మగవాళ్లు పొలాలకు పరుగెత్తారు. పొలాల్లో కాపు కాసి చంపారు. మరుసటి నెలలో బాధితుల శిబిరం దగ్గర పోలీసు కాల్పుల్లో ఒక దళిత యువకుడు చనిపోయాడు. మొత్తం చుండూరు వ్యవహారంలో పేలిన తుపాకీ ప్రభుత్వానిదే, తూటా తగిలింది దళితుడికే.

శిక్షల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పు 2008 డిసెంబర్‌లో వచ్చింది, అంటే 23 ఏళ్లకు. చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. చంపినవాడికి శిక్ష పడదన్న ధీమా ఉన్నచోట, చేతిలో ఏ ఆయుధం ఉందన్నది రెండో ప్రశ్న అవుతుంది.

గన్‌మెన్ రాజకీయం

విజయవాడ వాళ్లకు తుపాకీ అంటే ముందు గుర్తొచ్చేది గన్‌మెన్‌. ప్రాణహాని ఉందని చెప్పుకున్న నాయకుడికి ప్రభుత్వం జీతమిచ్చి పంపే సాయుధ పోలీసు. ఒకరా, ఇద్దరా, నలుగురా అన్నది హోదాకు కొలమానం అయిపోయింది. అయినా అదీ పూర్తి రక్షణ కాదు. 1988 డిసెంబర్ 26న ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగాను విజయవాడ నడిబొడ్డున నిరాహార దీక్షా శిబిరంలోనే చంపారు. ఆ తర్వాత కోస్తా జిల్లాలు తగలబడ్డాయి.

నాయకుడికి ప్రాణహాని ఉంటే సాయుధుడైన మనిషిని పంపే ప్రభుత్వం, వాడకు ప్రాణహాని ఉందంటే మాత్రం "శాంతి కమిటీ" వేస్తుంది. సాక్షులకూ బాధితులకూ రక్షణ ఇవ్వాలని 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన 15ఏ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. గన్‌మెన్ విషయంలో చూపే తొందర అక్కడ చూపమని అడగడం మన హక్కు.

ఎన్నికల కోడ్ రాగానే ఏం జరుగుతుందో కూడా చూడండి. స్క్రీనింగ్ కమిటీ కూర్చుంటుంది, లైసెన్సు తుపాకులు స్టేషన్లకు చేరతాయి, ఫలితాలు వచ్చాక తిరిగి ఇస్తారు. ఓటు కోసం కొద్ది రోజుల్లో జరిగే ఈ పని వాడ ప్రాణం కోసం ఎందుకు జరగదు? అధికారం, సిబ్బంది, పద్ధతి మూడూ ఉన్నాయి.

కట్టడి కోరే నాయకులు, కట్టడి ఎవరి మీద

2019 డిసెంబర్‌లో పార్లమెంటు ఆయుధ చట్టాన్ని కఠినం చేసింది. ఒక్కొక్కరి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. ప్రభుత్వం మొదట ప్రతిపాదించింది ఒక్కటే. అభ్యంతరాలు రావడంతో రెండు అయింది. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చడం కూడా నేరమైంది. తుపాకులు తగ్గడం మనకు మంచిదే. అయితే ఈ కట్టడి అందరికీ ఒకేలా పడుతుందా అన్నది చూసుకోవాలి.

అమెరికా నల్లవాళ్ల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 1956లో మాంట్‌గోమరీలో ఇంటి మీద బాంబు పడ్డాక మార్టిన్ లూథర్ కింగ్ తుపాకీ పర్మిట్ అడిగితే అధికారులు నిరాకరించారు. 1964లో లూసియానాలో 'డీకన్స్ ఫర్ డిఫెన్స్' పేరుతో నల్లజాతి మాజీ సైనికులు తుపాకులతో ఉద్యమకారులకు కాపలా కాశారు. 1967లో బ్లాక్ పాంథర్లు కాలిఫోర్నియా శాసనసభకు తుపాకులతో వెళ్లారు. ఆ ఏడాదే అక్కడ నిండిన తుపాకీతో బహిరంగంగా తిరగడాన్ని నిషేధిస్తూ మల్ఫోర్డ్ చట్టం వచ్చింది. సంతకం చేసిన గవర్నర్ రోనాల్డ్ రీగన్‌. నల్లవాడి చేతికి తుపాకీ వచ్చాకే కట్టడి గుర్తొచ్చింది. అదే దేశంలో 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఓలేత్‌లో మన తెలుగు ఇంజనీరును జాతి ద్వేషంతో కాల్చి చంపాడు ఒక తెల్లవాడు. అందరికీ తుపాకీ హక్కు ఉన్నంత మాత్రాన బలహీనుడికి రక్షణ రాలేదు.

ప్రభుత్వమే పేదల చేతికి తుపాకీ ఇచ్చిన ఉదాహరణ మన పక్కనే ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం కాలంలో ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా చేసి ఆయుధాలిచ్చారు. 2011 జూలై 5న జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్‌.ఎస్‌.నిజ్జర్ ధర్మాసనం అది 14, 21 అధికరణాలకు విరుద్ధమని తేల్చింది. 2025 మేలో అస్సాం ప్రభుత్వం మారుమూల, సున్నిత ప్రాంతాల్లోని "మూలవాసులకు" ఆయుధ లైసెన్సులు ఇస్తామని ప్రకటించింది. ఎవరిని మూలవాసిగా, ఎవరిని ప్రమాదంగా లెక్కించాలన్నది అక్కడ పాలకుల ఇష్టం. తుపాకీ పంచే చేయి ఎవరిదో, దాని గురి ఎటో తేల్చేదీ ఆ చేయే.

లైసెన్సు అడిగితే ఏమవుతుంది

ఇన్ని చెప్పినా, ప్రాణహాని ఉన్న దళితుడు లైసెన్సు అడగడం తప్పు కాదు. అడిగేవారికి ఈ సంగతులు తెలిసి ఉండాలి.

దరఖాస్తు జిల్లా మెజిస్ట్రేట్‌కు, అంటే కలెక్టర్‌కు పెట్టాలి. పోలీస్ కమిషనర్ ఉన్న ప్రాంతంలో ఆ అధికారం కమిషనర్‌ది. దగ్గరి పోలీసు స్టేషన్ నివేదిక తెప్పించుకుంటారు. మన కేసు నమోదు చేయడానికే ఇష్టపడని స్టేషన్ నుంచే ఆ నివేదిక రావాలన్నది మొదటి అడ్డంకి.

ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని ఆయుధ చట్టం 14వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ చెబుతోంది. భూమి లేని మనవాళ్లకు ఇది ముఖ్యమైన వాక్యం. నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. ప్రజా ప్రయోజనానికి భంగమని అధికారి భావిస్తే తప్ప, అడిగినప్పుడు ఆ కారణాలు ఇవ్వాలి. 18వ సెక్షన్ కింద అప్పీలు ఉంది. దరఖాస్తులో అట్రాసిటీ నియమం 3ను ప్రస్తావించి, గతంలో జరిగిన దాడుల ఎఫ్ఐఆర్ నంబర్లు జత చేయాలి.

ఆ తర్వాత అసలు కష్టాలు. తుపాకీ, తూటాలు, శిక్షణ, భద్రంగా దాచే ఏర్పాటు అన్నీ ఖర్చే. కూలికి వెళ్లే కుటుంబం మోయలేదు. ఇల్లు వదిలి పనికి వెళ్లినప్పుడు తుపాకీ దొంగతనం కావచ్చు, లాక్కోవచ్చు. ఆత్మరక్షణకు ఒక్కసారి పేల్చినా కేసులో మొదటి ముద్దాయి మనమే అవుతాం. దాడి చేసినవాళ్లు పెట్టే ఎదురు కేసులు మనకు కొత్త కాదు, అందులో తుపాకీ కూడా ఉంటే బెయిలు దొరకడమే కష్టం. వాడలో ఒకరిద్దరికి లైసెన్సు వస్తే, దాన్ని చూపించి పికెట్ ఎత్తేసే ప్రమాదమూ ఉంది.

అందుకే ఐదో అంశం వ్యక్తికి చివరి ఆసరా. ఉద్యమం గట్టిగా పట్టుకోవాల్సింది మూడో అంశం. దానికి మనం డబ్బు పెట్టనక్కర్లేదు, ప్రమాదం తలకెత్తుకోనక్కర్లేదు, రాజ్యం తన బాధ్యత నుంచి తప్పుకునే వీలూ ఉండదు. పైగా ఊరందరి ముందూ పెత్తందారు తుపాకీ స్టేషన్‌కు అప్పగించడం అతనికి ఎఫ్ఐఆర్ కంటే ముందు తగిలే దెబ్బ.

అడగాల్సిన పద్ధతి

బహిష్కరణ, బెదిరింపు, విగ్రహం గొడవ, శ్మశానం దారి, చెరువు దగ్గర తగాదా ఏది మొదలైనా, రక్తం కారేదాకా ఆగకుండా ఈ పనులు చేయొచ్చు:

ఊరిని నియమం 3 కింద గుర్తించాలని కలెక్టర్‌కు, ఎస్పీకి లేదా కమిషనర్‌కు రాతపూర్వక అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. తేదీలవారీగా జరిగినవి రాయాలి.

అదే అర్జీలో మూడో అంశాన్ని ప్రస్తావించి, ఆ ఊరి లైసెన్సులను సమీక్షించాలని అడగాలి. ప్రజా భద్రత కోసం లైసెన్సును సస్పెండ్ చేసే, రద్దు చేసే అధికారం ఆయుధ చట్టం 17వ సెక్షన్‌లోనూ ఉందని రాయాలి.

సమాచార హక్కు కింద సంఖ్యలు అడగాలి: మండలంలో ఎన్ని లైసెన్సులున్నాయి, వాటిలో ఎస్సీ, ఎస్టీలవి ఎన్ని, 1995 నుంచి నియమం 3 కింద ఎన్ని రద్దయ్యాయి, ఎన్ని ఇచ్చారు, జిల్లాలో ఏయే గ్రామాలను గుర్తించారు. పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపుతారు, సంఖ్యలకు ఆ సాకు కుదరదు.

కలెక్టర్ అధ్యక్షతన జరిగే జిల్లా విజిలెన్స్‌, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర కమిటీ ఏడాదికి రెండుసార్లు, జనవరిలోనూ జూలైలోనూ కూర్చోవాలి. లైసెన్సుల సమీక్షను అజెండాలో పెట్టించాలి, మినిట్స్ కాపీ తీసుకోవాలి.

అర్జీని పక్కన పడేస్తే 4వ సెక్షన్ ఉంది. చట్టం, నియమాలు అప్పగించిన బాధ్యతను కావాలని నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వోద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు. ముందు శాఖాపరమైన విచారణ సిఫారసు కావాలి. ఆ విచారణను కోరడానికీ మన రసీదే ఆధారం.

చుండూరులో జూలై 4 నుంచి ఆగస్టు 6 దాకా 33 రోజులు. అప్పుడు నియమం 3 లేదు. ఇప్పుడు ఉంది, 1995 నుంచీ ఉంది. ఏ ఊళ్లోనైనా అలాంటి రోజులు మొదలైతే, మొదటి రోజే ఆ కాగితం కలెక్టర్ టేబుల్ మీద ఉండాలి.